అందరూ చేసేదే రూలు అయిపోతోంది: ట్రైనీ ఎందుకు మారతాడు, ఏ రూలు పట్టుకోవాలి, ఏది మార్చాలి?

పరవాడ_బి_షిఫ్ట్ అడిగారు:

నమస్కారమండి. కెమికల్ యూనిట్ భద్రతా కమిటీలో కార్మికుల తరఫున ఉన్నాను. వచ్చే నెల మీటింగులో నలభై నిమిషాలు మాట్లాడమన్నారు. ఇచ్చిన అంశం "నిబంధనలు పాటిద్దాం". ఆ పేరు వింటేనే సగం మంది కునుకు తీస్తారు, అందుకని అసలు చిక్కు మీదే మాట్లాడదామనుకుంటున్నాను.

చిక్కు ఇదీ. కొత్తగా చేరిన ట్రైనీ మొదటి వారం అన్నీ పద్ధతిగా చేస్తాడు. రెండో నెల వచ్చేసరికి సీనియర్లు ఎలా చేస్తే అలాగే. రూలు వదిలెయ్యమని అతనికి ఎవరూ చెప్పరు, చూసి నేర్చుకుంటాడు. రియాక్టర్‌లోకి మనిషి దిగే పర్మిట్టే తీసుకోండి. సంతకాలు టేబుల్ దగ్గరే అయిపోతాయి. గ్యాస్ పరీక్ష పొద్దున్న ఒకసారి చేసి, అదే అంకె మధ్యాహ్నం గడిలో కూడా వేసేస్తారు. మ్యాన్‌హోల్ దగ్గర కదలకుండా ఉండాల్సిన స్టాండ్‌బై మనిషిని "ఐదు నిమిషాలు రా" అని ఇంకో పనికి లాక్కెళ్తారు. ఏమీ జరగదు. జరగలేదు కాబట్టి అదే పద్ధతి అయి కూర్చుంటుంది.

ఇంకోపక్క పైవాళ్లు ఒకే మీటింగులో "గీత దాటొద్దు" అంటారు, "కొత్తగా ఆలోచించండి" అని కూడా అంటారు. ఎవరూ గీత దాటకపోతే కొత్తది ఎక్కణ్ణుంచి వస్తుంది? నలుగురితో నారాయణ అనేవాడు కావాలా, అనని వాడు కావాలా?

ట్రైనీ ఎందుకు మారతాడు, ఏ రూలు పట్టుకోవాలి, ఏది మార్చుకోవచ్చు, షిఫ్టులో రేపే చెయ్యగలిగింది ఏమైనా ఉందా? ఇవీ నా ప్రశ్నలు. సూక్తులు, పోస్టర్లు వద్దండి, గోడల నిండా ఉన్నాయి.

సిరిపురం_సైకాలజీ:

మొదటి ప్రశ్నకి సోలమన్ ఆష్ 1951లో మొదలుపెట్టిన గీతల పరీక్ష సూటిగా సరిపోతుంది. ఒక కార్డు మీద ఒక గీత, పక్క కార్డు మీద మూడు. ఆ మూడింటిలో మొదటిదానికి సమానమైనది ఏదో చెప్పాలి. చంటిపిల్లాడు కూడా పట్టేయగల తేడా. గదిలో ఒక్కడే అసలు మనిషి, మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కున్నవాళ్లు. 18 సార్లు అడిగితే 12 సార్లు వాళ్లందరూ ఒకే తప్పు జవాబు చెబుతారు. ఆ 12 సార్లలో దాదాపు 37 శాతం జవాబులు గుంపు వైపు ఒరిగాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా ఒరిగారు.

ఈ లెక్కని చాలామంది "మనుషులు గొర్రెలు" అని చదువుతారు. అంకెలు మళ్లీ చూడండి. అరవై శాతం పైగా జవాబులు ఒరగనివే, నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా ఒరగలేదు. మీకు అక్కరకొచ్చే భాగం తర్వాతి పరీక్షల్లో ఉంది. గుంపులో ఇంకొక్కడు సరైన జవాబు చెబితే చాలు, ఒరగడం పదో వంతు కన్నా కిందికి పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నా బాగా తగ్గింది. గుంపు సైజు మాత్రం ముగ్గురు నలుగురు దాటాక పెద్దగా తేడా చూపలేదు. అంటే మీ ట్రైనీని మార్చడానికి మొత్తం ప్లాంటు అక్కర్లేదు, నలుగురున్న గ్యాంగు చాలు.

ఇంకొకటి. 1961లో జేకబ్స్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు చీకటి గదిలో కదలని వెలుగు చుక్కని చూపించి "ఎంత కదిలింది?" అని అడిగారు. మొదట కూర్చోబెట్టిన సొంత మనుషులు కావాలని చాలా పెద్ద అంకె చెప్పారు. తర్వాత ఒక్కొక్కరినీ తీసేసి కొత్తవాళ్లని కూర్చోబెట్టుకుంటూ పోయారు. అబద్ధం మొదలుపెట్టినవాళ్లు ఒక్కరూ గదిలో లేకపోయినా ఆ అంకె నాలుగైదు తరాల దాకా నిలబడి, తర్వాత మెల్లగా కరిగింది. మీ షిఫ్టులో "పొద్దున్న అంకే మధ్యాహ్నం" అనే అలవాటు ఎవరు మొదలుపెట్టారని ఆరా తీయడం దండగ. ఆయన ఎప్పుడో రిటైరై ఉంటాడు.

రేపే చెయ్యగలిగినవి: టూల్‌బాక్స్ టాక్‌లో (పని మొదలుపెట్టే ముందు గ్యాంగంతా నిలబడి మాట్లాడుకునేది) అందరికన్నా చిన్నవాడితో మొదలుపెట్టించండి, ఇన్‌చార్జి ఆఖరున మాట్లాడాలి. "డౌట్లున్నాయా?" అని అడగకండి, దానికి జవాబు ఎప్పుడూ "లేవండి" అనే వస్తుంది. "ఈ పర్మిట్‌లో తప్పులు రెండు చెప్పండి" అని అడగండి. చీటీల మీద రాయించి, కలిపి చదివితే ఇంకా మంచిది. ట్రైనీలని ఒక్కొక్కరిగా వేర్వేరు గ్యాంగుల్లో పడెయ్యకండి. ఇద్దరిద్దరు చొప్పున వెయ్యండి.

పెదగంట్యాడ_ఫిట్టర్:

గీతల పరీక్ష బాగానే ఉంది గానీ మాస్టారూ, కార్డు మీద గీత కొలవడానికీ, రాత్రి రెండింటికి బ్యాచ్ ఆగిపోనాదని ఫోన్ మీద ఫోన్ కొడతన్న ఇన్‌చార్జి ముందర నిలబడి "దిగనండి" అనడానికీ ఏటి సంబంధం? గీత తప్పు చెప్తే ఎవడి డ్యూటీ పోదు.

రూలు తప్పినోడిని అందరూ చూస్తారు, రూలు ఎలగుందో ఎవరూ చూడరు. పర్మిట్‌కి నాలుగు సంతకాలు కావాల, ఆ నలుగురూ మూడు బిల్డింగుల్లో ఉంటారు. నైట్రోజన్ లైనుకి బ్లైండ్ (పైపుకి అడ్డంగా పెట్టే ఇనప బిళ్ల) వెయ్యమంటారు, అక్కడ స్పానర్ తిరగడానికి జాగా ఉండదు. పైపు బిర్రుగా ఉండి ఫ్లాంజి (పైపుల అతుకు) నోరు తెరవదు, తెరవడానికి స్ప్రెడర్ స్టోర్లో ఉండదు. పాత గాస్కెట్ ఒకసారి ఊడితే మళ్లీ పనికిరాదు, కొత్తది ఇండెంట్ పెట్టి పది రోజులు. మరేటి చేస్తాడు? వాల్వు కట్టేసి, ట్యాగ్ తగిలించి, "బ్లైండ్ వేసినాం" అని టిక్కు కొడతాడు. టిక్కు తప్పే, కాదన్ను. టిక్కు వెనకాల స్టోరుంది. ముందు గాస్కెట్లు తెప్పించండి, క్లాసు తర్వాత చెప్పుకుందాం.

సిరిపురం_సైకాలజీ:

ఫిట్టర్ గారి ఆక్షేపణ సరైనదే. ఆష్‌ది సాటివాళ్ల ఒత్తిడి, మీరు చెప్పేది పైవాడి ఒత్తిడి. దానికి స్టాన్లీ మిల్‌గ్రామ్ పరీక్షలున్నాయి. పక్కగదిలో మనిషి అరుస్తున్నా 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా నొక్కారు (షాకు ఉత్తుత్తిదే, అది వాళ్లకి తెలీదు). అదే ఏర్పాటులో పక్కన కూర్చున్న ఇద్దరు మధ్యలో లేచి "మేం చెయ్యం" అన్నప్పుడు చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే. ఆజ్ఞాపించే ఆయన అప్పుడూ గదిలోనే ఉన్నాడు.

కాబట్టి "పని ఆపే అధికారం అందరికీ ఉంది" అని బోర్డు రాస్తే చాలదు. ఒంటరిగా ఎవడూ వాడడు. దిగేవాడు, స్టాండ్‌బై మనిషి, గ్యాస్ కొలిచినవాడు ముగ్గురిలో ఎవరు "ఆపు" అన్నా మిగతా ఇద్దరూ వెంటనే ఆపాలి, వాదన తర్వాత. ఇలా ముందే ఒప్పందం చేసుకోండి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41హెచ్ అని ఒక సెక్షన్ చేర్చారు. ప్రాణాపాయం పొంచి ఉందని అనిపిస్తే కార్మికుడు పైవాళ్ల దృష్టికి తేవచ్చని, వాళ్లు వెంటనే చర్య తీసుకోవాలని అందులో ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ కార్మికుడికి ఆ హక్కు ఉంది. ఆ ముక్క తెలుగులో రాసి పర్మిట్ పుస్తకం మొదటి పేజీకి అంటించండి.

అచ్యుతాపురం_ప్రాసెస్:

ఏ రూలు పట్టుకోవాలి, ఏది మార్చుకోవచ్చు అన్నదానికి జవాబు రూలు పక్కన రాయని కారణంలో ఉంటుంది. మీరు చెప్పిన పర్మిట్‌నే విప్పి చూద్దాం.

ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. బయటి గాలిలో 20.9. కింద అంకె ఎందుకో అందరికీ తెలుసు. పైది ఎందుకు? ఆక్సిజన్ ఎక్కువైతే బట్ట, జుట్టు, నూనె మరక అన్నీ భగ్గుమంటాయి. అందుకే రియాక్టర్ లోపల గాలాడడం లేదని ఆక్సిజన్ సిలిండర్ గొట్టం పెట్టడం ఎప్పటికీ కుదరదు.

నైట్రోజన్ గురించి ట్రైనీకి చెప్పాల్సిన ముక్క ఒకటే. మనకి ఊపిరాడని బాధ కలిగేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే. నైట్రోజన్ నిండిన చోట ఊపిరి మామూలుగానే ఆడుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది, కాబట్టి ఏ బాధా తెలీదు. ఒకటి రెండు శ్వాసల్లో పడిపోతాడు. పైనుంచి చూసేవాడికి కాలుజారి పడ్డట్టు కనిపిస్తుంది. ఎత్తడానికి రెండోవాడు దిగుతాడు, వాడి వెనక మూడోవాడు. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని అమెరికాలోని నియోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది. నలుగురితో నారాయణ అనే మాటకి ఇంతకన్నా ఘోరమైన రూపం లేదు. స్టాండ్‌బై మనిషి పని "చూస్తూ ఉండడం" అనుకుంటారు. అతని అసలు పని తాను దిగకుండా ఉండడం, ఇంకెవర్నీ దిగనివ్వకపోవడం, హార్నెస్ తాడుని ట్రైపాడ్ వించితో పైకి లాగడం. అతన్ని ఐదు నిమిషాలు పిలిస్తే ఆ ఐదు నిమిషాలూ కాపాడే దారి లేనట్టే.

పరీక్ష వరస: మొదట ఆక్సిజన్, తర్వాత మండే ఆవిరి, చివర విషవాయువు. ఈ వరసని చాలామంది ఫారంలో గడుల క్రమం అనుకుంటారు. మండే ఆవిరి కొలిచే మామూలు సెన్సర్ లోపల ఆ ఆవిరిని కొంచెం కాల్చి కొలుస్తుంది. కాలడానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ 10 శాతం కన్నా తక్కువుంటే సెన్సర్ సరిగా కాల్చలేక తక్కువ చూపిస్తుంది. నైట్రోజన్ నింపిన వెస్సెల్‌లో "సున్నా" వచ్చిందంటే సంతోషించాల్సిన పని లేదు.

కొలిచేది మూడు చోట్ల: పైన, మధ్యలో, అడుగున. టోలుయిన్ అనే సాల్వెంటు (వేరే పదార్థాలని కరిగించే ద్రవం) ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, అడుగున పరుచుకుంటుంది. మ్యాన్‌హోల్ మూతి దగ్గర మీటరు పెట్టి రాసిన అంకె మూతిదే, మనిషి నిలబడేది అడుగున. ఒక్కచోట కొలిచి మొత్తం బాగుందనుకోవడం ఎంత దూరం పోగలదో విశాఖకి వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటపడి 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ ట్యాంకు ఉష్ణోగ్రతని అడుగున మాత్రమే కొలిచారని, పై పొరలు వేడెక్కడం కనబడలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది.

ఇప్పుడు అంకె ఉన్నా కారణం తెలియని రూలు ఎలా మోసం చేస్తుందో చూడండి. "ఎల్‌ఈఎల్ 10 శాతం లోపు ఉంటే ఓకే" అని ఫారంలో ఉంటుంది. ఎల్‌ఈఎల్ అంటే ఆవిరి అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదు. టోలుయిన్‌కి అది గాలిలో సుమారు 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 11,000). మీటరు ఆ ఎల్‌ఈఎల్‌లో 5 శాతం చూపిస్తే లోపల దాదాపు 550 పీపీఎం ఉన్నట్టు. పేలుడు లెక్కలో పాసే. కానీ టోలుయిన్‌ని ప్రాణాపాయంగా లెక్కేసే మోతాదు 500 పీపీఎం. అంటే ఫారం ప్రకారం ఓకే అయిన చోట ఊపిరి ప్రకారం మనిషి నిలబడకూడదు. మిథిలీన్ డైక్లోరైడ్ అనే ఇంకో సాల్వెంటు అయితే ఇంకా చిక్కు. నాలుగు గ్యాసుల మీటరుకి అది దొరకదు. పీఐడీ మీటరు (దీపం వెలుగుతో ఆవిరిని పట్టేది) ఉంది కదా అంటారు. అందులో మామూలుగా వచ్చే 10.6 ఈవీ (వెలుగు శక్తికి కొలత) దీపానికి కూడా అది కనబడదు, 11.7 ఈవీ దీపం కావాలి. ఏ సాల్వెంటుకి ఏ మీటరో పర్మిట్ మీదే అచ్చు వెయ్యాలి.

గాలి విషయం. 5 వేల లీటర్ల రియాక్టర్‌లో గంటకి 20 సార్లు గాలి మారాలంటే గంటకి 100 ఘనపు మీటర్లు చాలు, చిన్న బ్లోయరే సరిపోతుంది. తప్పు జరిగేది డక్టు (గాలి గొట్టం) దగ్గర. మూతి దగ్గరే వదిలేస్తే పైగాలి పైనే తిరిగి బయటికొచ్చేస్తుంది. డక్టు అడుగు దాకా దిగాలి. చేతిదీపం 24 వోల్టులు మించకూడదు. ఇది ఫ్యాక్టరీల చట్టంలో 36ఏ సెక్షన్ నాటి నుంచీ ఉన్న మాట. కారణం, తడి ఇనప గోడల మధ్య చెమట పట్టిన మనిషి ఒంటికి విద్యుత్ నిరోధం చాలా తక్కువ.

ఇప్పుడు మీ రూలు పుస్తకం తీసుకుని ప్రతి రూలు పక్కనా "ఎందుకు" అని ఒక గడి గీయండి. అది నింపేటప్పుడు రూళ్లు వాటంతటవే వేరుపడతాయి. కొన్ని పై రకంవి, ఒంటి ధర్మం, వాయువు ధర్మం మీద నిలబడ్డవి. వాటిని పదికి మించనివ్వకండి, వాటికి మినహాయింపు ఉండదు. కొన్ని నలుగురు సంతకాలు చెయ్యడం, ఫారం మూడు కాపీలు లాంటివి. ఫిట్టర్ గారు చెప్పిన మూడు బిల్డింగుల గోల ఇక్కడిదే. నిస్సంకోచంగా మార్చండి, సంతకాలు రెండుకి తగ్గించి ఆ రెండూ మ్యాన్‌హోల్ పక్కనే పెట్టమనండి. ఇంకొన్ని ఎప్పుడో జరిగిన ఘటన తర్వాత పుట్టి, ఆ పరికరమే మారిపోయినా మిగిలిపోయినవి. గడిలో ఏం రాయాలో ఎవరికీ తోచనివన్నీ దాదాపు ఇవే. కొట్టెయ్యండి. మూడు రకాలూ ఒకే అచ్చులో, ఒకే ఎర్రరంగులో ఉన్నంతకాలం మూడో రకం రూలు తప్పడం అలవాటైన చెయ్యి మొదటి రకం దగ్గర ఆగదు.

మార్పు ఎప్పుడు చెయ్యాలన్నది ముఖ్యం. మ్యాన్‌హోల్ తెరిచాక రూలు మార్చకూడదు. ముందురోజు, కాగితం మీద, గడువు తేదీతో మార్చాలి. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు పోయినప్పుడు జరిగింది దీనికి తలకిందులు. బూస్టర్ అతుకుల్లోని రబ్బరు రింగులు కాలుతున్నట్టు అంతకుముందు ప్రయాణాల్లోనే కనబడింది. కూలలేదు కాబట్టి అంతమాత్రం కాలడం మామూలే అయింది. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చలిలో ఎగరేయొద్దని ఇంజనీర్లు ముందురోజు రాత్రి చెప్పారు. ఆ పొద్దున్న 2 డిగ్రీలు. హద్దుని ప్రయోగానికి కొన్ని గంటల ముందు, టైము ఒత్తిడిలో చర్చకి పెట్టారు.

ఓటీ_సిస్టర్:

చెక్‌లిస్టుల గురించి ఒక్క విషయం. ఆపరేషన్‌కి ముందు చదివే 19 అంశాల ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాని ఎనిమిది నగరాల్లో (ఢిల్లీ ఒకటి) పరీక్షించి 2009లో ఫలితాలు వేశారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. అదే జాబితాని కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో పెట్టి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేలింది. జాబితా అదే, టిక్కులు కూడా దాదాపు నిండుగానే పడ్డాయి. తేడా చదివే తీరులో ఉంటుందని ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. కోతకి ముందు అందరూ చేతిలో పని ఆపాలి, ప్రతి ఒక్కరూ తన పేరు, తన పని పైకి చెప్పాలి. పేరు చెప్పడం మర్యాద కోసం పెట్టింది కాదు. ఒకసారి నోరు తెరిచిన మనిషి తర్వాత "డాక్టరుగారూ, ఇది ఎడమ కాలు" అనడానికి అంత జంకడు. మీ మ్యాన్‌హోల్ దగ్గర కూడా పర్మిట్ చదివేది ఇన్‌చార్జి కాకుండా స్టాండ్‌బై మనిషి అయితే బాగుంటుంది.

హార్బర్_లోడ్‌లైన్:

రూలు నిలబడాలంటే తప్పినవాడు కంటికి కనబడాలి. పోర్టులో ఏ ఓడ పక్కన నిలబడ్డా మధ్యభాగంలో ఒక గుండ్రని గుర్తు, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత ఉంటాయి. వలయం 300 మిల్లీమీటర్లు, గీత పొడవు 450, మందం 25. ఆ గీత నీళ్లలో మునిగితే సరుకు ఎక్కువైనట్టు. జెట్టీ మీద కళాసీకి కూడా తెలుస్తుంది, లెక్కల పుస్తకం అక్కర్లేదు. బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే ఎంపీ పోరాడితే 1876లో చట్టమైంది. తమాషా ఏమిటంటే, గీత ఉండి తీరాలన్నారు గానీ ఎక్కడ గీయాలో ఓడ యజమాని ఇష్టానికే వదిలేశారు. 1890 దాకా అలాగే నడిచింది. గీత ఉంది, రూలు లేదు. మీ పర్మిట్ టిక్కులు వింటుంటే అదే గుర్తొచ్చింది.

ఆ గీత పక్కనే మెట్లలా ఇంకొన్ని గీతలుంటాయి, ఉష్ణమండలానికి ఒకటి, వేసవికి ఒకటి. బంగాళాఖాతంలో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా పై గీత వరకు, మే 1 నుంచి నవంబరు 30 దాకా కింది గీత వరకు మాత్రమే సరుకు వెయ్యనిస్తారు. తుపాన్ల కాలం ఏదో ఈ తీరం వాళ్లకి చెప్పాలా! రెంటికీ తేడా ఓడ మునిగే లోతులో 48వ వంతు, అంటే 12 మీటర్ల లోతుకి 25 సెంటీమీటర్లు. మినహాయింపు కావాలంటే ఇలా ముందే తేదీలతో, కొలతతో గీసి పెట్టాలి. కెప్టెన్ అప్పటికప్పుడు "ఈరోజు సముద్రం బానే ఉంది" అని తేల్చడానికి లేదు.

వేట నిషేధం చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు, ఇంజను పడవలు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం అని కారణం అందరికీ తెలుసు. ఫిషింగ్ హార్బర్‌లో వందల బోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటే, ఒక్కటి కదిలినా పేటంతా చూస్తుంది. నష్టం అందరికీ సమానం, పైగా భృతి ఉంది, 2025లో కుటుంబానికి 20 వేలు చేశారు. ఇంకో రూలు వల కన్ను సైజుది. అది నీళ్లలో ఉంటుంది, ఎవరికీ కనబడదు, పాటించినవాడికి మాత్రమే నష్టం. దాని సంగతి అడగక్కర్లేదు. రింగు వలలు తీరం నుంచి 8 కిలోమీటర్ల అవతలే వెయ్యాలన్న హద్దూ అంతే, ఒడ్డున నిలబడి ఏడో కిలోమీటరో తొమ్మిదోదో ఎవరు చెప్పగలరు? 2022 జనవరిలో ఇదే విశాఖ తీరంలో ఆ గొడవ పడవలు తగలబడేదాకా పోయింది. జాలర్లు ఒక చోట బుద్ధిమంతులూ ఇంకో చోట కారూ అంటే నేను నమ్మను.

వాల్తేరు_తెలుగు:

ఎవరూ అడగని సంగతి ఒకటి అడుగుతాను. ఆ రూలు పుస్తకం ఏ భాషలో ఉంది?

నూరేళ్ల కిందట ఈ ఉత్తరాంధ్రలోనే గిడుగు రామమూర్తి పంతులు వేసిన ప్రశ్న అది. మాట్లాడేది ఒకటి, బడిలో రాయించేది ఒకటి. వ్యాకరణం ప్రకారం రాయడానికే పిల్లాడి శక్తి అంతా అయిపోతే విషయం ఎప్పుడు నేర్చుకుంటాడు? పర్లాకిమిడి నుంచి ఆయన, విజయనగరం నుంచి గురజాడ, ఇక్కడ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ దొర కలిసి వాడుక భాష కోసం పట్టుబట్టారు. పండితులు ఊరుకోలేదు. ప్రశ్న వేసిన పరవాడ గారు నలుగురితో నారాయణ అనని వాడి గురించి అడిగారు కదా, గిడుగు గారు సరైన నమూనా. ఆయన వ్యాకరణం తెలియక ఎదురు తిరగలేదు. పాత తాళపత్రాలు, శాసనాలు వెతికి, ఆ పండితుల రాతల్లోనే వాడుక రూపాలు చూపించి వాదించారు. 1940లో పోయేనాటికి కూడా పోరు పూర్తికాలేదు.

ఇప్పటి గ్రాంథికం ఇంగ్లీషు ఎస్‌ఓపీ (పని ఎలా చెయ్యాలో రాసిన కాగితం). తెలుగులోకి మార్చామంటారు, తీరా చూస్తే "పాత్రయందలి వాయువులను పరీక్షించవలెను". ఫ్లోర్ మీద అనే మాటలే రాయండి: బ్లైండ్, గేజి, మూత, దిగడం.

వాక్యం కట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఇంగ్లీషు వరసలో "వాల్వు తెరవండి, అయితే దానికి ముందు గేజి సున్నాలో ఉందో లేదో చూసుకోండి" అని రాస్తే చదివే మనిషి చెయ్యి అప్పటికే వాల్వు మీదికి పోతుంది. "గేజి సున్నాకి వచ్చిందా? వచ్చాకే వాల్వు తెరువు" అనాలి. రెండోది, తెలుగులో కాదనడం మాట చివర వస్తుంది. బ్లోయరు హోరులో "తెరవకూడదు"లో చివరి అక్షరాలు మింగుడుపడితే "తెరవ..." ఒక్కటే వినబడుతుంది. అరిచి చెప్పే మాటలకి "వద్దు" ముందు పెట్టండి: "వద్దు! తెరవొద్దు!" ఒడియా, హిందీ మాట్లాడే హెల్పర్లు ఉంటే "ఆపు"కి ఒక చేతి సైగ కూడా కుదుర్చుకోండి. రాసిన తర్వాత పదో తరగతి దాటని హెల్పరు చేత పైకి చదివించి, పుస్తకం మూసి తన మాటల్లో చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ తప్పు రాసినవాడిది.

పరవాడ_బి_షిఫ్ట్:

అందరికీ చాలా థ్యాంక్సండి. నలభై నిమిషాల్లో ఇదంతా పట్టదు. క్లాసు మానేసి, ఒక పాత పర్మిట్ (పేర్లు చెరిపేసి) నలుగురికో కాపీ ఇచ్చి, "తప్పులు రెండు" చీటీల మీద రాయిద్దామనుకుంటున్నాను. రెండో సగంలో "ఎందుకు" గడి, వెస్సెల్ ఎంట్రీ రూళ్లకి మాత్రమే. టోలుయిన్ లెక్క బోర్డు మీద చేసి చూపిస్తాను. అది విన్నప్పుడు నాకే గుండె జారింది.

హార్బర్ గారు చెప్పినట్టు కంటికి కనబడేలా అంటే బ్లైండ్‌ల సంగతి ఎలా? పైపు రాక్ మీద వేసింది కిందనుంచి తెలీదు.

పెదగంట్యాడ_ఫిట్టర్:

బోర్డు పెట్టండి బాబూ. ఒక రియాక్టర్‌కి ఎన్ని లైన్లుంటే అన్ని బ్లైండ్‌లు, ప్రతి దానికీ పంచ్‌తో నంబరు కొట్టాల. పెయింటు చాలదు, సాల్వెంటుకి పోద్ది. తోక పొడుగ్గా ఉంచి పసుపు రంగు ఎయ్యండి, ఫ్లాంజిలోంచి జానెడు బయటికి కనబడాల. రియాక్టర్ పక్కన గోడకి మేకుల బోర్డు, ఒక్కో మేకు వెనకాల ఆ బ్లైండ్ ఆకారం గీసి నంబరు ఎయ్యండి. మేకు ఖాళీ అంటే బ్లైండ్ లైనులో ఉన్నట్టు. మేకుకి ఏలాడతా ఉంటే ఎయ్యనట్టు, దిగేవాడు తనే చూసుకుంటాడు, కాగితం అడగడు.

పని అయిపోయాక ఇంకా జాగ్రత్త. అన్నీ ఎనక్కి మేకులకి వచ్చాయా లేదా లెక్కెట్టాకే మూత బిగించాల. ముఖ్యంగా వెంట్ లైనుది. అది మర్చిపోయి బ్యాచ్ వేడి చేస్తే ప్రెజర్ పోడానికి దారుండదు. ఆ మేకుకి మాత్రం ఎర్ర రంగు ఎయ్యండి. గాస్కెట్ల ఇండెంటు కూడా రేపే పెట్టించండి, ప్రతి ఫ్లాంజికి రెండు చొప్పున, ఒకటి బ్లైండ్ ఏసినప్పుడు, ఒకటి తీసినప్పుడు.